పాత యాంప్లిఫయరు – కొత్త చేతులు

పాత వాల్వు యాంప్లిఫయరును విప్పి మార్పులు చేయవచ్చునా, కూడదా అన్న ప్రశ్న ఈ ఏడాది మన హాస్టలు వరండాలో చాలా రాత్రుళ్లు నలిగింది. అమెరికాలో ఉన్న మేనమామ తన పాత ఫెండర్ గిటార్ యాంప్లిఫయరును మిత్రుడొకనికి ఇవ్వడమే ఇందుకు కారణం. "అది పాతకాలపు వస్తువు, వేలు పెట్టకండిరా" అన్నవారు కొందరు. "మరి మనం ఎలక్ట్రానిక్స్ చదువుతున్నది ఎందుకట?" అన్నవారు మరికొందరు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మార్పులు చేయవచ్చు, చేయాలి కూడా. కాని చేసేవాడికి పాటమీద ప్రేమ కంటే, ఆఖరికి సర్క్యూటు జ్ఞానం కంటే కూడా ముందు ఒక అలవాటు కావాలి. ఆ అలవాటును మనకెవరూ నేర్పడం లేదన్నదే నా బాధ.

మొదట "ముట్టుకోవద్దు" అనే వారికి జవాబు. గిటార్ యాంప్లిఫయరు చరిత్రే మార్పుల చరిత్ర. లియో ఫెండర్ కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసినవాడు. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ డ్రమ్ముల దుకాణంలో తయారైన జె.టి.ఎం. 45, ఫెండర్ బాస్‌మన్ సర్క్యూటుకు దగ్గరి నకలే. విడిభాగాలు మాత్రం ఇంగ్లండులో దొరికినవి వేశారు. వాల్వులు మారాయి, ట్రాన్స్‌ఫార్మర్లు మారాయి, స్పీకర్లు మారాయి; కొత్త ధ్వని పుట్టింది. 1960ల చివర్లో రాండల్ స్మిత్ అనే మెకానిక్కు చిన్న ఫెండర్ ప్రిన్స్‌టన్ పెట్టెలో పెద్ద యాంప్లిఫయరు బలం ఇరికించాడు. మీసా బూగీ కంపెనీకి అదే బీజం. వీళ్లంతా చేతులు కట్టుకుని కూర్చుని ఉంటే ఈనాటి గిటార్ ధ్వని ఎక్కడిది?

ఇక "విప్పేద్దాం పద" అనే వారితో నాలుగు మాటలు. మిత్రులారా, మనం ల్యాబులో ట్రాన్సిస్టరు బోర్డు ముందు కూర్చుంటాం. 9 వోల్టుల బ్యాటరీ, 12 వోల్టుల సప్లయి. తీగ పొరపాటున తగిలితే డయోడు పోతుంది, మనకేమీ కాదు. చేతికి ఆ ధీమా అలవాటైపోయింది. వాల్వు పెట్టె సంగతి వేరు. అందులో డి.సి. 300 నుంచి 450 వోల్టుల దాకా ఉండవచ్చు. పైగా స్విచ్చి ఆపినా, ప్లగ్గు పీకి పక్కన పెట్టినా, ఫిల్టరు కెపాసిటర్లలో ఆ కరెంటు నిలవ ఉండవచ్చు. మన రేడియో మెకానిక్కులు కండెన్సరు అనేది దీన్నే.

పరీక్షలో మార్కుల కోసం రాసిన సూత్రమే ఇక్కడ వేసి చూడండి. అర సీ వీ స్క్వేర్. 40 మైక్రోఫారడ్ల కెపాసిటరులో 450 వోల్టులుంటే నిలవ ఉన్న శక్తి సుమారు 4 జౌళ్లు. అదే కెపాసిటరుకు 9 వోల్టులిస్తే ఉండే శక్తికి ఇది 2500 రెట్లు! వోల్టేజి 50 రెట్లే పెరిగింది, ప్రమాదం దాని వర్గంగా పెరిగింది. ఈ సూత్రం నాకు కంఠతా వచ్చు. కాని దాని అర్థం ఒక మనిషి ప్రాణమని ఏ ల్యాబు రికార్డులోనూ రాయించలేదు.

ఇదంతా బెదిరింపు మాట కాదు. 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ బృందపు గిటారిస్టు లెస్ హార్వే వేదికమీదే, ఎర్తు సరిగా లేని మైకును తాకి చనిపోయాడు. 1976లో యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ తన ఇంట్లోనే గిటార్ వాయిస్తూ షాకుతో పోయాడు. అతనికి 33 ఏళ్లు. గిటారు తీగలు కేబులు ద్వారా యాంప్లిఫయరు చాసిస్‌కు కలిసి ఉంటాయి. చాసిస్‌కు కరెంటు వస్తే తీగలకు వచ్చినట్టే, వేళ్లకు వచ్చినట్టే.

పాత అమెరికన్ యాంప్లిఫయర్లలో చాలావాటికి రెండు తీగల కార్డే ఉంటుంది. కరెంటు తీగకూ చాసిస్‌కూ మధ్య హమ్ము తగ్గించడానికి ఒక కెపాసిటరు వేసేవారు. అది షార్టయితే పెట్టె మొత్తం లైవు. అక్కడి మెకానిక్కులు దానికి 'చావు కెపాసిటరు' అని పేరు పెట్టారంటే ఇక చెప్పేదేముంది? అందుచేత ధ్వని కోసం చేసే ఏ మార్పుకైనా ముందు చేయవలసిన మార్పు ఇదే: ఆ కెపాసిటరు తీసేయాలి, మూడు తీగల కార్డు వేసి, ఎర్తును చాసిస్‌కు గట్టిగా బిగించాలి, ఫ్యూజు ఫేజులో ఉండేట్టు చూడాలి. ఆ పెట్టె 120 వోల్టుల దేశంలో పుట్టింది గనుక మన 230 వోల్టులకు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పదు. దాని మూడో పిన్ను నిజంగా ఎర్తుకు కలిసిందో, ఊరికే అలంకారానికి ఉందో మీటరుతో చూసుకోవాలి.

ఈ అలవాటు నేను మా పొలంలో చూశాను. మా నాన్న అయిదో తరగతి దాటలేదు. మోటారు స్టార్టరు డబ్బా తెరవాలంటే ముందు మూడు ఫ్యూజులూ పీకి చొక్కా జేబులో వేసుకుంటాడు. "నేను లోపల చెయ్యి పెట్టినప్పుడు ఇంకోడొచ్చి పెట్టేస్తే?" అంటాడు. ఆ తర్వాత కూడా టెస్టరు పెట్టి చూస్తేగాని ముట్టుకోడు. తడి మళ్లలో కరెంటుకు బలైన రైతుల కబుర్లు వింటూ పెరిగిన ఊళ్లో ఇది భయం కాదు, బుద్ధి. ఆ బుద్ధికి డిగ్రీ అక్కర్లేదు. డిగ్రీ ఉన్న మాత్రాన అది రాదు కూడా.

అదే బుద్ధి యాంప్లిఫయరు బల్లమీద ఎలా ఉంటుంది? ప్లగ్గు పీకి కళ్లెదుట పెట్టుకోవాలి. చాసిస్‌కూ కెపాసిటరుకూ మధ్య 10 కిలో ఓముల, 5 వాట్ల రెసిస్టరును ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో తగిలించి ఖాళీ చేయాలి. స్క్రూడ్రైవరుతో టప్పున షార్టు చేయడం వీరత్వం కాదు. ఆపైన మీటరుతో కొలవాలి. ప్రతి కెపాసిటరునూ కొలవాలి. ఖాళీ అయిన కెపాసిటరులో కాసేపటికి కొంత వోల్టేజి మళ్లీ తేలుతుంది గనుక పని అయ్యేదాకా క్లిప్పు తీయకూడదు. కరెంటుండగా కొలవాల్సి వస్తే ఒక చెయ్యి జేబులో ఉండాలి, పక్కన ఇంకో మనిషి ఉండాలి. మొదటిసారి వెలిగించేటప్పుడు మన ఎలక్ట్రీషియన్లు వాడే సిరీసు బల్బు పెట్టాలి. అది పాతకాలపు ఫిలమెంటు బల్బే అయి ఉండాలి, ఎల్.ఇ.డి. పనికిరాదు. స్పీకరు తగిలించకుండా వాయించరాదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు.

మార్పు విషయంలోనూ ఒక మర్యాద ఉంది. వెనక్కు తీసుకోగలిగిన మార్పే మంచి మార్పు. ఉదాహరణకు మొదటి దశలోని 12ఏఎక్స్7 వాల్వు స్థానంలో 12ఏవై7 పెడితే చాలు, గెయిన్ సగానికి పైగా తగ్గి స్వరం మెత్తబడుతుంది. సోల్డరింగు ఐరన్‌తో పనే లేదు. నచ్చకపోతే పాత వాల్వు పాత చోటికే. చాసిస్‌కు కొత్త రంధ్రాలు పొడవడం, పాత భాగాలు చెత్తబుట్టలో వేయడం మాత్రం కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన సామెతే.

చివరగా విద్యార్థి సంఘానికీ, అధ్యాపకులకూ ఒక మనవి. వచ్చే ఏడాది నుంచి ఎలక్ట్రానిక్స్ ప్రాక్టికల్స్‌లో మొట్టమొదటి ప్రయోగంగా ఇది పెట్టండి: ఎర్తును పరీక్షించడం, కెపాసిటరును ఖాళీ చేయడం, షాకు తగిలినవాణ్ణి ముట్టుకోకుండా ముందు కరెంటు ఆపి తప్పించడం. ఖర్చు ఒక రెసిస్టరు, ఒక మీటరు, ఒక పూట. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో వాల్వులు తయారైన రోజులు ఎరిగిన పూర్వవిద్యార్థులు మనకున్నారు. వారిలో ఒక్కరు వచ్చి ఒక శనివారం మా ముందు ఒక పాత పెట్టె మూత తీసి చూపితే, మాలో ఎవరి చెయ్యీ తొందరపడదు.