బుర్రకు బిరడా

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. నన్నడిగితే, వంటింటి గూట్లో మూతలు చూసి ఇల్లాలిని చూడమంటాను. పది సీసాలుంటే మూతలు ఏడుంటాయి. ఆ యేడింటిలోనూ నాలుగు వేరే సీసాలవి. మూతలేని సీసాల నోట్లో ఒకదానికి కాగితపు చుట్ట, ఒకదానికి గుడ్డపీలిక! సీసా నిక్షేపంలా వుంటుంది, పాడయ్యేది మూత. అది పోయిన నాటి నుంచీ సీసాకు విలువ లేదు.

మూతల మీద నాకింత ధ్యాస యెందుకు మళ్ళిందంటే, ఆ మధ్య డుంబ్రిగుడ వెళ్ళివచ్చాను. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, అరకులోయ నుంచి పాడేరు వెళ్ళే దారిలో వున్నది ఆ వూరు. అటు వెళ్ళిన వాళ్ళంతా చాపరాయి చూసి వస్తారు. చాప పరిచినట్టున్న బండ మీదుగా నీళ్ళు జారుతూ వుంటే చూడముచ్చటగానే వుంటుంది. నేనూ చూశాను. కాని అంతకంటే ఎక్కువసేపు నేను చూసింది ఒక ముసలామె చేతిలోని ఆనపబుర్రను. చేనిగట్టు మీద కూర్చుని, బుర్ర మూతికి కుక్కిన ఆకుచుట్టను తీసి, చోడి అంబలి వంచుకుని తాగుతోంది.

“ప్లాస్టిక్ సీసా తేలిగ్గా వుంటుంది గదా పెద్దమ్మా, దీన్నెందుకు మోస్తున్నావు?” అన్నాను.

“ఎండలో ఆ సీసా కాగిపోద్దమ్మా. దీంట్లో సల్లగుంటాది. అంబలికి ఇదే బాగుంటాది,” అంది.

ఆ బుర్ర తయారీ తెలుసుకోదగినది. కాయను పాదు మీదే ముదరనిస్తారు. పెంకు గట్టిపడిన తరువాత కోసి, తొడిమ దగ్గర చిన్న కన్నం చేసి, నీళ్ళు పోసి వుంచుతారు. లోపలి గుజ్జు కుళ్ళి వదులవుతుంది. గింజలతో సహా దాన్ని దులిపేసి, కడిగి ఎండబెడతారు. నడుము సన్నగా వుండే కాయయితే తాడు కట్టడానికి వీలు. పెంకు ఎండిన చెక్కలాంటిది కనుక బయటి వేడి తొందరగా లోపలికి పోదు. పాతబడితే మట్టిలో కలిసిపోతుంది. మళ్ళీ యేడు పాదుకు మరొకటి కాస్తుంది!

ఇక లోపాలు కూడా చెప్పుకోవాలి గదా. కిందపడితే పగులుతుంది. ఖాళీ అయినా నిండుగా వున్నంత చోటే ఆక్రమిస్తుంది. లోపల చెయ్యిపెట్టి తోమడానికి వీల్లేదు. అందుకే ఇవ్వాళ కొండ మీద కూడా కుర్రవాళ్ళు కూల్ డ్రింకు సీసాలే పట్టుకు తిరుగుతున్నారు. చాపరాయి దగ్గర మనలాంటి యాత్రికులు పారేసి వచ్చే సీసాలకు కొదవ లేదు.

మరి బుర్ర చల్లదనమూ, గుడ్డసంచిలా మడుచుకునే గుణమూ, గట్టి మూతా — మూడూ కలిసిన పాత్ర వుండదా అని మీరడగవచ్చు. మెత్తటి పాత్రలు మనకు కొత్త కాదు. పూర్వం నూనె, నెయ్యి తోలు సిద్దెల్లో పోసి ఎద్దుల మీద వేసుకు వెళ్ళేవారు. నీళ్ళకు తోలుతిత్తి వుండేది. లారీలకు కాన్వాసు నీళ్ళసంచి వేలాడదీసేవారు; గుడ్డలోంచి చెమ్మ ఊరి, గాలికి ఆరి, లోపలి నీళ్ళు చల్లబడేవి.

మెత్తటి పాత్రలో ఒక సుగుణం వున్నది. గట్టి సీసాలోంచి నూనె వంచితే, పోయిన నూనె చోటులోకి గాలి జొరబడుతుంది. ఆ బుడబుడ చప్పుడు అదే. ఆ గాలే నూనెను, నేతిని క్రమంగా ముక్కవాసన పట్టిస్తుంది. మెత్తటిదైతే సరుకు తగ్గినకొద్దీ తానూ ముడుచుకుంటుంది, గాలికి చోటివ్వదు. ఈ కిటుకును వాడుకున్నవాడు జాన్ గోఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు. అంతకుముందు చిత్రకారులు రంగులను పంది మూత్రాశయపు తిత్తుల్లో మూటగట్టుకునేవారు. ఒకసారి పొడిచి రంగు తీస్తే మళ్ళీ సరిగా మూయడం కుదిరేది కాదు, రంగు ఎండిపోయేది. రాండ్ 1841లో తగరపు రేకుతో మెత్తటి గొట్టం చేసి, దానికి పేటెంటు తీసుకున్నాడు. తెల్లవారి లేవగానే మనం పిండే టూత్‌పేస్టు గొట్టానికి మూలపురుషుడు ఆయనే.

మీ యింట్లోనే యింకో ఉదాహరణ వున్నది: నడుమునొప్పికి వాడే వేడినీళ్ళ రబ్బరు సంచి. జాగ్రెబ్ నగరంలో స్థిరపడిన పెంకాలా అనే ఇంజనీరు 1903లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. తరువాత మరపెన్సిలు చేసినవాడూ ఆయనే. మెత్తటిది, మళ్ళీ మళ్ళీ వాడేది, బిగించి విప్పే బిరడా వున్నది — మనం వెతుకుతున్న పాత్రకు యిదే దగ్గరి చుట్టం. దీని బిరడాను వొకసారి విప్పి చూడండి. మర మొదట్లో చిన్న రబ్బరు వాషరు వుంటుంది. నీళ్ళను ఆపేది మరలు కాదు సుమా, ఆ వాషరు! మరల పని వాషరును సమంగా నొక్కిపెట్టడమే. కారే ప్రతి సీసాకూ యిదే సూత్రం. మూతను పళ్ళబిగువున తిప్పేముందు వాషరు చూడండి. గట్టిపడి చిట్లితే వాషరు మార్చండి, చాలు. సంచిలో మరిగే నీళ్ళు పోయకండి. మూడింట రెండు వంతులే నింపి, గాలిని పిండేసి, అప్పుడు బిగించండి. రబ్బరు మీద నెరెలు కనిపిస్తే మాత్రం మొహమాటపడకుండా పారవేయండి. వొళ్ళు కాలిన తరువాత పొదుపు గుర్తుకు రాదు.

ఇప్పుడు డుంబ్రిగుడ పెద్దమ్మకు మనమే వొక నీళ్ళసంచి తయారు చెయ్యాలనుకోండి. ఎలా వుండాలి?

మొదటిది నోరు. వెడల్పు నోరైతే తోమడం సులువు. కాని చెయ్యో, గ్లాసో ముంచుతారు. ముంచిన చేతి మురికి నీళ్ళలో కలుస్తుంది. 1991లో పెరూ దేశంలో కలరా చెలరేగి దక్షిణ అమెరికా అంతటా పాకినప్పుడు, అమెరికా వ్యాధి నివారణ కేంద్రమూ, పాన్ అమెరికన్ ఆరోగ్య సంస్థా కలిసి యిళ్ళలో నీళ్ళు నిలవచేసే పద్ధతి ఒకటి రూపొందించాయి. అందులో నీళ్ళను శుద్ధిచేసే క్లోరిన్ మందుకు ఎంత ప్రాధాన్యమో, చెయ్యి పట్టని చిన్న నోరూ, మూతా వున్న పాత్రకూ అంతే. వానాకాలంలో వాంతులూ, విరేచనాలూ ప్రబలే కొండ గూడేలకు యీ నీతి అక్షరాలా వర్తిస్తుంది. నేనైతే సంచికి రెండు నోళ్ళు పెడతాను: వంచుకోవడానికి పైన చిన్నది, కడగడానికి అడుగున సంచి వెడల్పంతా తెరుచుకునేది. అడుగుదాన్ని మూడు మడతలు పెట్టి పట్టీతో బిగించాలి.

రెండవది గోడ. మెత్తటి వస్తువు ఎప్పుడూ ఒకేచోట మడత పడితే అక్కడే చిట్లుతుంది. అంతకంటే ముందు, మెత్తటి సంచి గట్టి మూతిని కలిసేచోట చిరుగుతుంది. కాబట్టి మూతి దగ్గర మందంగా మొదలై పోనుపోను పలచబడాలి. మూలలు గుండ్రంగా వుండాలి. సరుకు ఆహారానికి తగినదై తీరాలి.

మూడవది మూత. తడి చేతికి జారకుండా అంచున గాట్లుండాలి. సంచికి తాడుతో కట్టివుండాలి. ఆ తాడే లేకపోతే మిగతా నేర్పంతా పక్షం రోజుల ముచ్చట!

ఇంతదాకా బాగానే వుంది. కాని ఆ సంచిలో పెద్దమ్మ నీళ్ళకు బదులు అంబలి పోసిందనుకోండి? అంబలి పులుస్తుంది, పులిసేటప్పుడు వాయువు పుడుతుంది. జీలుగు కల్లయితే చెప్పనే అక్కర్లేదు. గట్టి మూత బిగిస్తే సంచి బూరెలా పొంగి, మూత విప్పగానే మొహాన చిమ్ముతుంది. మనం మోటుగా వుందనుకున్న ఆకుచుట్ట అంబలి వొలకకుండా ఆపుతూనే, వాయువును మెల్లిగా పోనిస్తుంది. అంబలికి తగిన బిరడా అదే! నీళ్ళకు తగిన మూత వేరు. ఏ పాత్రకు ఏ మూత అని కాదు, ఏ సరుకుకు ఏ మూత అని ఆలోచించాలన్నమాట. ఈ సంగతి మన ఆవకాయ జాడీకి వాసెన కట్టిన అమ్మమ్మలకూ తెలుసు.

కొండలకు మరో విశేషం వున్నది. అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి వొత్తిడి విశాఖ తీరంలో కంటే పదోవంతు తక్కువ. విశాఖలో కొన్న చిప్స్ పొట్లం కిరండోల్ బండిలో అరకు చేరేసరికి ఉబ్బి వుండటం మీరు చూసేవుంటారు. పొట్లంలోని గాలి బయటి వొత్తిడి తగ్గగానే వ్యాకోచిస్తుంది. తిరుగు ప్రయాణంలో, అరకులో బిగించిన ఖాళీ సీసా విశాఖలో సొట్టపడుతుంది. కాబట్టి పిల్లలతో కొండ ఎక్కేటప్పుడు తలనూనె గొట్టాన్నీ, సాసు సీసానూ గాలి పిండేసి మూయండి. పైకి వెళ్ళాక విప్పేటప్పుడు బట్టలకు దూరంగా పట్టుకోండి.

చివరగా, మూతకంటే ముఖ్యమైన మాట. కొండ మీద కనిపించిన ఒక సంగతి నాకు భయం వేసింది: చేలల్లో చల్లే పురుగుమందు డబ్బా ఒకటి, కడిగి, నీళ్ళు తేవడానికి వాడుతున్నారు. కడిగినా ఆ విషం పూర్తిగా పోదు. వాడేసిన డబ్బాలు మళ్ళీ ఎవరూ వాడకుండా పగలగొట్టి, జనావాసాలకు దూరంగా పాతిపెట్టాలని 1971 నాటి కీటకనాశినుల నిబంధనలే చెబుతున్నాయి. కాని కొండ మీద గట్టి మూత వున్న డబ్బా దొరకడం అపురూపం. పారేయడానికి మనసొప్పదు. మంచి పాత్ర చవకగా అందనంత కాలం చెడ్డపాత్ర చేతిలో వుంటూనే వుంటుంది.

మనం మాత్రం తక్కువ తిన్నామా? మా వీధిలో ఒకరింట్లో కూల్ డ్రింకు సీసాలో కిరసనాయిలు పోసి వుంచారు. మూడేళ్ళ పిల్లవాడు దాహమేసి తాగాడు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోయారు కనుక బతికాడు. ఇలాంటప్పుడు వాంతి చేయించడానికి ఉప్పునీళ్ళు పట్టిస్తుంటారు కొందరు. వద్దు! వాంతిలో కిరసనాయిలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాంతకం. ఆ సీసాను కూడా తీసుకుని తిన్నగా డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి.

చదువుకున్న మనమూ, చదువులేని వాళ్ళూ చేసేది ఒకటే పని — వున్న పాత్రలో వున్నదేదో పోయడం. పిల్లవాడికి తెలిసినదల్లా సీసా రూపమే గదా! అందుచేత తాగే సీసాల్లో ఫినాయిలు, యాసిడు, టర్పెంటైను ఎన్నడూ పోయకండి. వాటిని కొన్న డబ్బాల్లోనే, చీటీ చింపకుండా, పిల్లలకు అందని గూట్లో వుంచండి.

ఇంజనీరింగు చదివే మీ అబ్బాయో, అమ్మాయో కాలేజీ ప్రాజెక్టుకు అంశం కోసం తల గోక్కుంటుంటే, యీ సంచి సంగతి చెప్పండి. కొండవాగు దగ్గర నింపి, వీపున వేసుకుని గట్టెక్కే ఆడదాని చేతికి అది నచ్చాలి. సంతలో కూరగాయలమ్మిన డబ్బుతో ఆమె కొనగలగాలి. పరీక్షాధికారి వేసే మార్కులకంటే ఆమె వేసే మార్కులు కష్టం. అందులో నెగ్గితే నాకొక ఉత్తరం ముక్క రాయమనండి, సంతోషిస్తాను.