గడియారం వైపు కాదు, నడుము వైపు చూడండి



తెల్లవారుజామున బద్వేలు బస్సు కోసం మర్రిపాడు సెంటరుకు వచ్చేవారు ఈ దృశ్యం చూసే ఉంటారు. చీకట్లో రోడ్డు పక్కన పదిమంది పిల్లలు పరుగు తీస్తుంటారు. పరుగు అయ్యాక దండీలు, బస్కీలు, చివరికి ప్లాంకు. ఒకడు సెల్‌ఫోను పట్టుకొని సెకన్లు లెక్కపెడుతుంటే మిగిలినవాళ్ళు మోచేతుల మీద, కాలివేళ్ళ మీద ఆని వణుకుతుంటారు. మిలిటరీకో, పోలీసుకో ఎంపిక కావాలని వాళ్ళ ఆశ. మనది మెట్ట ప్రాంతం. వాన పడితేనే పంట. ఇంట్లో ఒక్కరికి యూనిఫారం ఉద్యోగం వస్తే అప్పు తీరుతుంది, చెల్లెలి పెళ్ళి జరుగుతుంది. ఆ ఆశను మేము తప్పు పట్టము.

అయితే ఆ పిల్లల్లో కొందరు నడుము పట్టుకొని మా దగ్గరకు వస్తున్నారు. అలా వచ్చిన ఒక తమ్ముడు, "ఐదు నిమిషాలు ప్లాంకు వేశాను సార్, మా బ్యాచ్‌లో నేనే ఫస్టు" అన్నాడు. ఎలా వేశావో చూపించు నాయనా అన్నాము. అర నిమిషం దాటగానే నడుము పాత నులక మంచంలాగ కుంగిపోయింది. ఇక మిగిలిన నాలుగున్నర నిమిషాలూ అతడు కండరాల బలంతో నిలబడలేదు, వెన్నుపూసల మీద భారం వేసి వేలాడాడు. నొప్పి రాక ఏమవుతుంది?

ప్లాంకు మంచి వ్యాయామమే. కానీ దాన్ని సెకన్ల పందెంగా మార్చుకుంటే మేలు కంటే కీడే ఎక్కువ అని మా అభిప్రాయం.

ప్లాంకు అంటే చెక్క పలక. బోర్లా ఉండి మోచేతుల మీద, కాలివేళ్ళ మీద ఆని, తల నుండి మడమల దాకా శరీరాన్ని పలకలాగ నిలపడమే ఈ వ్యాయామం. పొట్ట, నడుము, పిరుదుల కండరాలు కలిసి వెన్నెముక చుట్టూ దట్టీ కట్టినట్టు పనిచేస్తాయి. మూట ఎత్తినా, గుంట దూకినా, బిందె మోసినా వెన్నును కాపాడేది ఆ దట్టీయే.

పెద్ద దేశాల సైన్యాలు దీని విలువ ఆలస్యంగానే తెలుసుకున్నాయి. అమెరికా సైన్యంలో 1980 నుండి సుమారు నలభై ఏళ్ళు, రెండు నిమిషాల్లో ఎన్ని సిటప్స్ తీస్తే దాన్నిబట్టి మార్కులు వేసేవారు. పదేపదే వెన్ను వంచి లేవడం నడుముకు మంచిది కాదని వైద్యులు చెబుతూ వచ్చారు. అక్కడి నౌకాదళం 2021లో, సైన్యం 2022లో ప్లాంకును పరీక్షలో చేర్చాయి. మెరైన్ దళం 2023 నుండి పాత పొట్ట కసరత్తును పూర్తిగా తీసేసింది. సైన్యం పట్టికలో 17 నుండి 21 ఏళ్ళ వారు ఒక నిమిషం 30 సెకన్లు నిలిస్తే 60 మార్కులతో పాసు. 3 నిమిషాల 40 సెకన్లు నిలిస్తే నూటికి నూరు. అంతకు మించి ఎంతసేపు నిలిచినా ఒక్క మార్కు కూడా పెరగదు.

మెరైన్ దళం మరో పని చేసింది. మొదట పూర్తి మార్కులకు 4 నిమిషాల 20 సెకన్లు పెట్టి, తర్వాత దాన్ని 3 నిమిషాల 45 సెకన్లకు తగ్గించింది. పాసు కావడానికి కావలసిన సమయాన్ని మాత్రం 1 నిమిషం 3 సెకన్ల నుండి 1 నిమిషం 10 సెకన్లకు పెంచింది. అందరికీ కనీస బలం ఉండాలి గాని, ఏ ఒక్కరో గంటసేపు నిలబడితే దళానికి ఒరిగేదేమీ లేదు. పైగా ఆ పరీక్షల్లో నడుము కుంగితే లెక్క అక్కడితో ఆగిపోతుంది. మా తమ్ముడి ఐదు నిమిషాలు అక్కడైతే అర నిమిషమే.

ఇక మన సంగతి. మన జిల్లా గుంటూరు సైనిక నియామక కార్యాలయం పరిధిలోనిది. మన సైన్యం ర్యాలీలో అసలు ప్లాంకుకు మార్కులే లేవు. 1.6 కిలోమీటర్ల పరుగు 5 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తే 60 మార్కులు. బీము మీద 10 పుల్‌అప్స్ తీస్తే 40, ఆరు తీస్తే 16. తొమ్మిది అడుగుల గుంట దూకడం, వంకర బీము మీద నడవడం పాసైతే చాలు. మన రాష్ట్ర కానిస్టేబుల్ ఎంపికలో పురుషులు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి. అందులోనూ ప్లాంకు లేదు.

అలాగని మానేయమని కాదు. నడుము గట్టిగా ఉంటే పరుగులో ఒళ్ళు ఊగదు, పుల్‌అప్‌లో కాళ్ళు కొట్టుకోవు, గుంట దూకి దిగినప్పుడు వెన్ను అదరదు. కనుక మార్కుల కోసం కాక మిగిలిన పరీక్షలకు పునాదిగా ప్లాంకు వేయండి. ఇలా చేయండి:

మొదటి వారం 10 నుండి 15 సెకన్ల చొప్పున ఐదారు సార్లు, మధ్యలో విశ్రాంతితో. వారానికి మూడు నాలుగు రోజులు చాలు. ప్రతి వారం ఐదు సెకన్లు పెంచండి. ఊపిరి బిగబట్టవద్దు, మామూలుగా పీల్చి వదలండి. పక్కన ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టుకోండి. అతడు గడియారం చూడకుండా మీ నడుము చూడాలి. కుంగగానే "ఆపు" అనాలి. ఒక నిమిషం సరిగా నిలవగలిగితే చాలా మంచి బలం. ఆ తర్వాత మీ సమయాన్ని పరుగుకు, బీముకు ఇవ్వండి.

అమ్మలారా, అయ్యలారా, ఇది కుర్రవాళ్ళకే కాదు. రోజంతా వంగి కలుపు తీసి నడుము నొప్పితో వచ్చే మీరు గోడకు మోచేతులు ఆనించి, వెనక్కు జరిగి, పది సెకన్లు నిటారుగా నిలబడినా మేలే. అయితే రక్తపోటు ఎక్కువగా ఉన్నవారు, గిలక ఉన్నవారు, గర్భిణులు, ఈమధ్య ఆపరేషను లేక కాన్పు అయినవారు వైద్యులను అడగకుండా మొదలుపెట్టవద్దు.

తల్లిదండ్రులకు మరో మాట. ర్యాలీకి ఇరవై రోజుల ముందు మొదలుపెట్టిన సాధన ఎముకలను దెబ్బతీస్తుంది. కనీసం మూడు నాలుగు నెలల ముందే మొదలుపెట్టించండి. ముందుగా రక్తంలో హిమోగ్లోబిన్, రక్తపోటు, గుండె చూపించండి. 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జార్ఖండ్ రాష్ట్రంలో ఎక్సైజ్ కానిస్టేబుళ్ళ పరుగు పరీక్షల సమయంలో పదిమందికి పైగా యువకులు చనిపోయారు. పరుగుకు ముందు నొప్పి మాత్రలు మింగి, నీళ్ళు తాగకుండా ఎండలో దిగితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. బలం సూది వేస్తామనే వారిని గుమ్మం ఎక్కనివ్వకండి. ఉడికించిన శనగలు, గుడ్డు, పాలు, రాగి సంకటి మన ఇంట్లో ఉన్న బలమే. మన ఉదయగిరి వైపు కొన్ని పల్లెల నీళ్ళలో ఫ్లోరైడు ఉందని మీకు తెలుసు. నడుము, కీళ్ళు పట్టేసినట్టు ఉంటే అది వ్యాయామం వల్లే అనుకోక పరీక్ష చేయించండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నామంటే, 2022లో ప్రకటించిన అగ్నిపథ్ పద్ధతిలో సర్వీసు నాలుగేళ్ళు. ఆపై నూటికి 25 మంది వరకే కొనసాగుతారని అప్పుడు చెప్పారు. అంటే ఎంపికైన బిడ్డ కూడా పాతికేళ్ళకే ఇంటికి రావచ్చు. ఎంపిక కానివారు ఇంకా ఎక్కువ. ఎవరైనా ఆ నడుముతోనే ఇంకో నలభై ఏళ్ళు దుక్కి దున్నాలి, లారీ నడపాలి, బిడ్డలను ఎత్తుకోవాలి. ఒక్క ఉదయం జరిగే పరీక్ష కోసం దాన్ని పాడుచేసుకోవద్దు.

బేత్లెహేములో సమూయేలు ప్రవక్త కూడా ఏలీయాబు ఎత్తు, రూపం చూసి ఇతడే అనుకున్నాడు. దేవుడు ఆయనను ఆపాడు. కొలబద్దకు అందని సంగతులు ఉన్నాయని ఆనాడే తెలిసింది. పిల్లవాడు ర్యాలీ నుండి వట్టి చేతులతో తిరిగి వస్తే, ఎన్ని మార్కులు వచ్చాయని ముందు అడగకండి. "నడుము ఎలా ఉంది నాయనా, అన్నం తిన్నావా" అని అడగండి.