ఇంటి కారం మంచిదే, మరి ఉప్పు సంగతి?

మొన్న మా ఆసుపత్రికి అరవై దాటిన ఒక అవ్వ వచ్చింది. వారం రోజులుగా తల తిరుగుతోందంది. రక్తపోటు చూస్తే 180/110 వుంది. "ఏం తింటున్నావు అవ్వా?" అని అడిగాను. ఆమెకు కాస్త కోపం వచ్చింది. "సారూ, దుకాణంల కొన్నది మేం ముట్టం. కారం మేమే పట్టిస్తం, పసుపు మేమే పట్టిస్తం, తొక్కు మేమే పెడతం. ఇంట్ల తిండికి బీపీ ఎట్లొస్తది?" అంది.

ఆ ప్రశ్నకు జవాబు నేను ఆమెకు చెప్పాను. మీకు కూడా చెప్పాలి. ఎందుకంటే కారం, మసాలా పొడులు, పచ్చళ్లు ఇంట్లోనే చేసుకుంటే డబ్బు మిగులుతుందా, ఆరోగ్యానికి మంచిదా అని చాలామంది గృహిణులు అడుగుతూంటారు.

డబ్బు మిగిలే మాట చాలావరకు నిజం. మా మరిపెడ చుట్టుపక్కల (పాత వరంగల్ జిల్లా, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా) మిరప బాగా పండుతుంది. వేసవి మొదట్లో సరుకు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్తుంది. ఏడాదికి సరిపడా మిరపకాయలు అప్పుడే కొనడం మంచిది. కాయల ధర, తొడిమలు తీస్తే పోయే తరుగు, గిర్ని కూలి మూడూ కలిపి కిలోకు ఎంత పడిందో చూసుకోండి. దాన్ని మీరు కొనే పాకెట్ కిలో లెక్కన ఎంత పడుతుందో దానితో పోల్చండి. చిన్న పాకెట్లు కొనేవారికి తేడా బాగా తెలుస్తుంది. గరం మసాలాలో మరీ ఎక్కువ. పాకెట్ మీద పదార్థాల పట్టికలో ఎక్కువ పరిమాణంలో వున్నది ముందు రాయాలని నిబంధన. చదివి చూడండి, కొన్నిటిలో లవంగం, యాలకుల పేర్లు ఎక్కడో చివర కనిపిస్తాయి.

ఇక రంగు. కారం ఎర్రగా లేకపోతే మనకు అన్నం సహించదు. ఆ బలహీనత చూసే కల్తీ చేసేవాళ్లు రంగులు కలుపుతారు. సుడాన్ అనే రంగులు నూనెలకు, మైనానికి, పాలిష్‌లకు వాడేవి. తిండిలో నిషేధం. 2005లో బ్రిటన్‌లో 400కు పైగా ఆహార పదార్థాలను దుకాణాల నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఒక సాస్‌లో వాడిన కారంలో సుడాన్-1 వుండటమే కారణం. ఆ కారం మన దేశం నుంచి వెళ్లినదే. చాలామంది గ్లాసు నీళ్లలో కారం వేసి పరీక్షిస్తూంటారు. ఇటుక పొడి అయితే అడుక్కి దిగుతుంది, నీళ్లలో కరిగే రంగు అయితే చారలుగా దిగుతుంది. సుడాన్ నీళ్లలో కరగదు, అంచేత ఈ పరీక్షకు దొరకదు. గ్లాసును నమ్మి ధీమాగా వుండకండి.

ఎర్రటి కారం కావాలంటే రంగు అక్కర్లేదు. మన వరంగల్ చపాటా మిర్చి వుంది. చూడటానికి టమాటాలా లావుగా వుంటుంది, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఘాటు రకంతో కొంత చపాటా కలిపి పట్టిస్తే కారానికి కారం, రంగుకు రంగు. పసుపు విషయంలోనూ జాగ్రత్త అవసరం. కొమ్ములు పచ్చగా మెరవడానికి కొందరు లెడ్ క్రోమేట్ పూస్తారు. అందులోని సీసం పిల్లల మెదడుకు చేటు. మరీ నిగనిగలాడే కొమ్ములు వద్దు.

ఇక పొదుపు పేరుతో మనం చేసే తప్పు ఒకటుంది. తెల్లబడిన తాలు కాయ తక్కువ ధరకు దొరుకుతుంది. కళ్లంలో వాన పడి తడిసిన కాయా అంతే. "కారంలో కలిసిపోతుందిలే" అని కొంటారు. తడి కాయలో పట్టే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. హెపటైటిస్-బి వున్నవారిలో ఇది కూడా తోడైతే కాలేయ క్యాన్సర్ ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఎండబెట్టినా, వేయించినా ఆ విషం పోదు. కాయను చేత్తో విరిస్తే ఫట్టున విరగాలి, ఊపితే గింజలు గలగలలాడాలి. లోపల నల్లగానో బూడిదరంగుగానో కనిపిస్తే పారేయండి. కోడళ్లు పారేస్తే అత్తలు ఏరుకొచ్చి పట్టించడం నేను చూశాను!

అల్లం వెల్లుల్లి ముద్ద గురించి ఒక్క మాట. ఇంట్లో నూరుకున్నదే రుచి. కాని నూనె పోసి సీసాలో పెట్టి వారాల తరబడి బయట వుంచవద్దు. వెల్లుల్లికి అంటిన మట్టిలోని బొటులినమ్ క్రిములు గాలి తగలని చోట పెరిగి నరాలను చచ్చుపరిచే విషం పుట్టిస్తాయి. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో నూనెలో వేసిన వెల్లుల్లి తిని 36 మంది జబ్బుపడ్డారు. నాలుగు రోజులకు సరిపడా చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టండి, లేదా ఏ రోజుకు ఆ రోజు దంచుకోండి.

ఇప్పుడు అవ్వ ప్రశ్నకు వస్తాను. ఆమె మూడు పూటలా తొక్కుతోనే తింటుంది. పూటకు 20 గ్రాములు వేసుకుంటుందనుకున్నా రోజుకు 60 గ్రాములు. నిలవ పచ్చడిలో దాదాపు ఎనిమిదో వంతు ఉప్పే. అంటే ఒక్క తొక్కు ద్వారానే 7 గ్రాములకు పైగా ఉప్పు. కూరలో, చారులో వేసేది వేరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు. కొన్నదైనా, ఇంట్లో పెట్టినదైనా ఉప్పు ఉప్పే. రక్తనాళాలకు ఆ తేడా తెలియదు.

అయితే పచ్చడిలో ఉప్పు తగ్గించి పెట్టమని నేను చెప్పను. తగ్గిస్తే అది బూజు పడుతుంది. పచ్చడి పాడుకాకుండా కాపాడేది ఆ ఉప్పే. తగ్గించవలసింది తినే పరిమాణం. పొడుల సంగతి వేరు. నువ్వుల పొడి, పల్లీల కారం, అవిసె గింజల పొడి, కరివేపాకు పొడి నిలవుండేది తడి లేకపోవడం వల్ల, ఉప్పు వల్ల కాదు. అంచేత వాటిలో ఉప్పు సగానికి సగం తగ్గించవచ్చు. కాస్త చింతపండో, ఎండు మామిడి ఒరుగులో చేర్చితే ఉప్పు తగ్గినట్టు నాలుకకు అంతగా తెలియదు. అప్పటికప్పుడు నూరుకునే రోటి పచ్చళ్లూ అంతే. అన్నట్టు, సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం వుంటుంది. మూత్రపిండాల జబ్బు వున్నవారు డాక్టరును అడగకుండా వాడకూడదు.

అవ్వకు మాత్రలు రాసిచ్చాను. తొక్కు మానమనలేదు, మానదని తెలుసు. మధ్యాహ్నం ఒక్క పూట చిన్న చెంచాడు వేసుకుని, మిగతా రెండు పూటలా ఉప్పు తగ్గించిన నువ్వుల పొడి తినమన్నాను. "నువ్వులకు పైసలెవరిస్తరు సారూ?" అంది. ఇంటి పెరట్లో కరివేపాకు చెట్టుందట, ఆ పొడి చేసుకుంటానని ఒప్పుకుంది. రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మన్నాను.