రికార్డులు ఎవరి కోసం?

ఒక మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి చీటీలు వేసినట్టు మనుషుల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ఇచ్చి, రెండోదానికి ఇవ్వకుండా చూడటం వైద్యశాస్త్రం నమ్మే పద్ధతి. అన్ని ప్రశ్నలకూ అలా పరీక్ష పెట్టలేం. అందుకే ఆసుపత్రుల్లో, బీమా కార్యాలయాల్లో రోజూ పోగుపడే రికార్డుల నుంచే అటువంటి పరీక్షను కాగితం మీద జరిపి చూసే ప్రయత్నాలు ముమ్మరమయ్యాయి. ఇది నిపుణుల గొడవ అని మనం వదిలేయడానికి వీల్లేదు.

ముట్లుడిగిన స్త్రీలకిచ్చే హార్మోన్ల సంగతి చూడండి. అమెరికాలో 1976లో మొదలైన నర్సుల ఆరోగ్య అధ్యయనం, హార్మోన్లు వాడేవారిలో గుండెజబ్బు తక్కువని చూపింది. లక్షలాది మందికి వాటిని రాశారు. తర్వాత 16,608 మందితో చీటీలు వేసి చేసిన పరీక్షను 2002లో మధ్యలోనే ఆపేశారు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపి వాడినవారిలో ఎముకలు విరగడం తగ్గినా రొమ్ము కాన్సర్, గుండెపోటు, పక్షవాతం పెరిగాయి.

తేడా ఎక్కడ వచ్చింది? అప్పటికే వాడుతూ బాగున్నవారిని లెక్కలోకి తీసుకుంటే, మొదలుపెట్టిన కొత్తలో దెబ్బతిన్నవారు లెక్క నుంచి జారిపోతారు. 2008లో మిగెల్ హెర్నాన్ బృందం అవే నర్సుల వివరాలను వాడకం మొదలైన నాటి నుంచి లెక్కించి, ముట్లుడిగి ఎన్నేళ్లయిందో కూడా చూసినప్పుడు ఆ తేడా చాలావరకు తగ్గిపోయింది.

ఆ నర్సులు రెండేళ్లకోసారి ప్రశ్నావళి నింపేవారు. మరి మన దగ్గర? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 8 శాతం దాటారు. ముప్పై ఏళ్లకే ఆ ఆపరేషన్ జరిగితే తర్వాత ఎముకలకూ గుండెకూ ఏమవుతుంది? చీటీలు వేసి గర్భసంచులు తీసే పరీక్ష ఎవరూ చేయకూడదు. రికార్డులే దిక్కు.

కానీ బీమా రికార్డు డబ్బు చెల్లించడానికి రాసింది. అందులో ఆపరేషన్ తేదీ, ఖర్చు ఉంటాయి. అంతకుముందు ఆమె తెల్లబట్టతో ఎన్ని ఊళ్లు తిరిగిందో, మందులతో నయమవుతుందని ఎవరైనా చెప్పారో లేదో ఉండదు. నర్సింగ్‌హోంలో అప్పుచేసి నగదు కట్టినామె ఆ రికార్డుకే ఎక్కదు. అండాశయాలు కూడా తీశారా అన్నది కేస్‌షీట్‌లో ఉన్నా కంప్యూటర్లోకి రాకపోవచ్చు. ఆపరేషన్ చేయించుకోని స్త్రీతో పోల్చాలంటే ఆమెను ఏ రోజు నుంచి లెక్కించాలి? నడుము నొప్పికి ఊళ్లో ఆరెంపీ దగ్గరికే వెళ్లే స్త్రీ బాధ ఏ రిజిస్టరుకూ చేరదు. రాయని నొప్పిని లేని నొప్పిగా లెక్కగట్టి, ఆపరేషన్ క్షేమమేనని తేల్చేస్తే ఆ నష్టం ఎవరిది?

రికార్డులన్నీ కలిపేస్తే చాలని కొందరంటారు. గర్భస్రావం, హెచ్ఐవీ వంటి వివరాలు కూడా ఆ కలిపినదాంట్లోనే ఉంటాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో పరిశోధనకు మినహాయింపు ఉంది. అందుకే మనం మరింత మెలకువగా ఉండాలి.

నేను కోరేవి పెద్ద కోరికలు కావు. ఆపరేషన్ ఎందుకు చేశారో, ఏమేం తీశారో తెలుగులో రాసిన కాగితం ప్రతి స్త్రీ చేతికీ ఇవ్వాలి. ప్రైవేటు ఆసుపత్రులూ ఆ వివరాలు నమోదు చేయాలి. రికార్డులతో పరిశోధన చేసేవారు తమ ప్రశ్ననూ, పద్ధతినీ లెక్కలు మొదలుపెట్టక ముందే బయటపెట్టాలి. పేర్లు తొలగించాలి. పర్యవేక్షక సంఘాల్లో స్త్రీల సంస్థలకు చోటుండాలి. మన శరీరాల గురించి రాసిన కాగితాలను అడిగి తీసుకుని, చదివి, దాచుకోవడం ఈలోగా మనం చేయగల పని.