సరాయిలో దయ్యాలా, ముసాఫిర్లా?

గోల్కొండలో తారామతి రూహ్ ఇప్పటికీ రాత్రుళ్లు నాట్యం చేస్తోందట! శ్రీహరికోటలో నౌకరీలు చేసే మనవాళ్ల ఖాందాన్ గ్రూపుల్లోనూ ఈ వీడియోలే తిరుగుతున్నాయి. రాకెట్లు ఎగరేసే చోట కూర్చుని రూహ్‌ల మీద బహస్!

ఆ కథకు మూలం ఇబ్రహీంబాగ్‌లోని పన్నెండు ద్వారాల బారాదరి. అబ్దుల్లా కుతుబ్ షా (1626–1672) జమానాలో అక్కడి సరాయిలో దిగే ముసాఫిర్ల కోసం తారామతి పాడేదని, ఆ ఆవాజ్ కిలా మీదున్న సుల్తాన్‌ చెవిన పడేదని చెప్పుకుంటారు. వినడానికి బాగుంటుంది గానీ తవారీఖ్ కాదు. ఈ కథలో నాకు నచ్చేది ముసాఫిర్లే. వీడియోల్లోంచి మాయమైందీ వాళ్లే.

సరాయి అంటే ఇప్పటి లాడ్జి కాదు. సుల్తాన్ తల్లి హయాత్ బక్షీ బేగం పేరు మోస్తున్న హయాత్‌నగర్ చూడండి. హైదరాబాద్ నుంచి మచిలీపట్నం పోయే పాత బాట అది. మస్జిద్ సెహన్ చుట్టూ బాటసారులకు కమాన్ల గదులు, పక్కనే హాథీ బావోలీ. షేక్‌పేట సరాయిలో గుర్రాలకూ, ఒంటెలకూ కూడా జాగా కట్టారు. సౌదాగర్లు, ఫకీర్లు, బందరులో జహాజ్ ఎక్కబోయే హాజీలు ఇలాంటి బాటల్లోనే నడిచారు. జకాత్ హక్దార్లు ఎనిమిది రకాలని సూరె తౌబా 60వ ఆయత్ చెప్తుంది. అందులో ఇబ్నుస్సబీల్, అంటే బాటసారి, ఒకరు. ఆ హక్కుకు రాళ్లతో కట్టిన జవాబు ఈ సరాయిలు.

జిన్నాత్ మన అకీదాలో ఉన్నాయి, ఇన్కార్ చేయను. కానీ మరణించినవాళ్ల రూహ్ బర్జఖ్‌లో ఉంటుందని మదర్సాలో చదివిన పిల్లాడికీ తెలుసు. గజ్జె కట్టుకుని గోల్కొండలో తిరగదు.

శ్రీహరికోటనే తీసుకోండి. 1971 అక్టోబర్ 9న ఇక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. ఆ కేంద్రం కోసం దీవిలోని పల్లెలు ఖాళీ అయ్యాయి, యానాదులు ఇల్లూవాకిలీ వదిలారు. ఖాళీ ఇంటికి దయ్యం పేరు పెట్టడం ఆసాన్. అందులో ఎవరుండేవాళ్లు, ఎటు పోయారు అని అడగడమే ముష్కిల్. దయ్యాలకొంప అని పేరుపడ్డ గోడను రేపెవడైనా కబ్జా చేసినా ఇదేంటని అడిగే నాథుడుండడు.

సెలవుల్లో హైదరాబాద్ పోతే బచ్చాలను హయాత్‌నగర్ తీసుకెళ్లండి. జుహర్ అక్కడే చదవండి. తర్వాత ఆ కమాన్ల కింద కాసేపు కూర్చోబెట్టి, మన పెద్దల్లో ఎవరో ఒకరు ఇలాంటి చోటే మూట తలకింద పెట్టుకుని పడుకుని ఉంటారని చెప్పండి.