కారు కొనే ముందు బస్తాల లెక్క చూడాలి

గోదావరి డెల్టా ఊళ్లలో చిన్న కారు ఇవాళ పెద్ద రైతుల ఇళ్లకే పరిమితం కాలేదు. రెండు మూడెకరాల రైతు కూడా "మనమూ ఒకటి తీసుకుంటే పోలా?" అంటున్నాడు. అందులో తప్పు లేదు. ఆఖరి బస్సు వెళ్లిపోయాక ఇంట్లో పెద్దాయనకు ఆయాసం వస్తే, మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోవలసిన అవస్థ ఎవరికీ రాకూడదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. పైన ఉండే సెస్సూ పోయింది. ధర తగ్గిందన్న మాట చెవిన పడగానే చాలామందికి ఆశ పుట్టడం సహజం.

అయితే ఒక సంగతి మరవకూడదు. కారు వాయిదా నెలనెలా వస్తుంది. మన పంట ఏడాదికి రెండుసార్లే వస్తుంది. కాలువకు నీరు రాకపోతే దాళ్వా కూడా ఉండదు. ఈ తేడా చూసుకోకుండా కొన్న కారు చివరకు పొలం కాగితాలను తాకట్టుకు పంపుతుంది.

లెక్క బస్తాల్లో వేయండి

షోరూములో చెప్పే ధర ఒకటి, బండి రోడ్డెక్కేసరికి అయ్యేది మరొకటి. లైఫ్ ట్యాక్సు, రిజిస్ట్రేషను, బీమా అన్నీ కలపాలి. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టించుకుంటారు. అన్నీ కలిపి అయిదున్నర లక్షలు అయిందనుకుందాం. లక్షన్నర చేతి నుంచి పెట్టి, నాలుగు లక్షలు 9 శాతం వడ్డీకి ఏడేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 6,440 రూపాయలు కట్టాలి. ఏడాదికి 77 వేల పైచిలుకు.

దీన్ని ధాన్యంలోకి మార్చి చూడండి. 2025-26కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ ధర పూర్తిగా దక్కినా 75 కిలోల బస్తాకు 1,777 రూపాయలు. అంటే ఏడాది వాయిదాలకే 43 బస్తాలు పోవాలి. ఎకరాకు 30 బస్తాలు పండినా దాదాపు ఎకరంన్నర సార్వా పంట, అదీ దమ్ము, ఎరువులు, కూలీ, కోత ఏదీ తీయకుండా! మూడెకరాల రైతుకు ఇది సగం పంట. కౌలు బస్తాలు కొలిచే రైతుకు ఈ లెక్క అసలు పొసగదు.

ఇంకో లెక్క కూడా ఉంది. ఇంటి పనులకు నెలకు 400 కిలోమీటర్లు తిరిగితే ఏడాదికి 4,800. వాయిదాలు 77 వేలు, బీమా, సర్వీసులకు 18 వేలు, పెట్రోలుకు 26 వేలు వేసుకుంటే కిలోమీటరుకు 25 రూపాయలు పడుతుంది. మీ ఊళ్లో అద్దె కారు కిలోమీటరుకు ఎంత అడుగుతున్నాడో కనుక్కుని పక్కన పెట్టి చూడండి.

డీజిల్ మీద మోజు

"మనకు డీజిలే కలిసొస్తుంది" అన్న మాట రైతుల్లో బలంగా ఉంది. ట్రాక్టరుకూ ఇంజనుకూ అదే కొట్టిస్తాం కనుక అలవాటు. 1998 డిసెంబరులో టాటా ఇండికా వచ్చిన రోజుల్లో ఆ మాటలో నిజముంది. అప్పట్లో డీజిల్ ధరను ప్రభుత్వం తక్కువగా నిలిపేది. 2014 అక్టోబరులో ఆ నియంత్రణ ఎత్తేశారు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక చిన్న డీజిల్ కారు తయారీ గిట్టక చాలా కంపెనీలు మానుకున్నాయి. మారుతి అయితే డీజిల్ కార్లకే స్వస్తి చెప్పింది. ఈ నిబంధనల డీజిల్ బండిలో పొగ మసిని పట్టే జల్లెడ ఉంటుంది. దూర ప్రయాణంలో బాగా వేడెక్కితేనే ఆ మసి కాలుతుంది. ఊరి నుంచి మండల కేంద్రానికి ఆరు కిలోమీటర్లు వెళ్లొచ్చే బండికి ఆ జల్లెడ పూడుకుపోతుంది.

గ్యాసా, పెట్రోలా?

సీఎన్‌జీ కారుకు పెట్రోలు బండి కన్నా సుమారు 85 వేలు ఎక్కువ పెట్టాలనుకుందాం. పెట్రోలు లీటరు 110 రూపాయలు, ఇచ్చే మైలేజీ 20 కిలోమీటర్లు అయితే కిలోమీటరుకు అయిదున్నర రూపాయలు. గ్యాసు కిలో 95, మైలేజీ 25 అయితే 3 రూపాయల 80 పైసలు. మిగులు 1 రూపాయి 70 పైసలు. ఆ 85 వేలు తిరిగి రావాలంటే 50 వేల కిలోమీటర్లు తిరగాలి. నెలకు 400 తిరిగేవారికి పదేళ్లు! రోజూ పట్నానికి పాలో కూరగాయలో వేసుకుని నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగేవారికి మూడేళ్లలోపే వస్తుంది. అయితే డిక్కీలో సిలిండరు కూర్చుంటుంది కాబట్టి సామానుకు చోటుండదు.

బంకు దూరమూ చూడాలి. మన కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాసు పుష్కలంగా దొరికినా ప్రతి ఊరి పక్కనా బంకు లేదు. ఎనిమిది కిలోలు పట్టించుకుంటే 200 కిలోమీటర్లు వస్తుంది. బంకు పాతిక కిలోమీటర్ల అవతల ఉంటే, అందులో 50 దాని కోసమే పోతాయి. సిలిండరుకు మూడేళ్లకోసారి పరీక్ష కూడా తప్పదు.

బ్యాటరీ కారుకు నడిపే ఖర్చు బాగా తక్కువే గానీ కొనుగోలు ధర ఎక్కువ. ఉచిత కరెంటున్న బోరు లైను నుంచి ఛార్జి పెడదామన్న ఆలోచన మాత్రం వద్దు. అది పంటకు ఇచ్చిన కరెంటు.

కాబట్టి తక్కువ తిరిగే రైతుకు పెట్రోలు బండే మేలు. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుపుతున్నారు. మన మొక్కజొన్న, నూకలే అందులో పడుతున్నాయి. దాని వల్ల మైలేజీ కొంత తగ్గుతుంది, అది ముందే లెక్కలో వేసుకోండి. ఇథనాలు తేమను పీల్చుకుంటుంది గనుక బండిని నెలల తరబడి కదల్చకుండా ఉంచకండి. గడ్డిమేటు పక్కన నిలపవద్దు, ఎలుకలు వైర్లు కొరికేస్తాయి. నూర్పిళ్ల రోజుల్లో గాలి ఫిల్టరు తరచూ చూపించాలి.

బ్యాంకులు కూడా ఆలోచించాలి. ఉద్యోగికి జీతం వచ్చినట్టు రైతుకు ఒకటో తారీఖున డబ్బు రాదు. ట్రాక్టరు అప్పుకు పంట వాయిదాలు ఉన్నప్పుడు, రైతు కారు అప్పుకు ఎందుకు ఉండకూడదు? సంతకం పెట్టే ముందు మేనేజరును ఈ మాట గట్టిగా అడగండి.

సార్వా ధాన్యం డబ్బులోంచి ఇంటి ఖర్చు, దాళ్వా పెట్టుబడి తీసి పక్కన పెట్టండి. మిగిలిన దానితో ఏడాది వాయిదాలు కట్టగలిగితే నిశ్చింతగా కొనుక్కోండి. లేకపోతే అవసరానికి అద్దె కారు పిలవడం నామోషీ కాదు. పంట రుణం తీసి కారుకు ముందు సొమ్ము కట్టడం మాత్రం ఏ లెక్కనా తగదు. ఆ డబ్బు ఎరువుకు అందకపోతే పంటే దెబ్బతింటుంది, వాయిదా కట్టాల్సింది మళ్లీ ఆ పంటే.