కత్తియాటను గూర్చి నాలుగు మాటలు

మన పేటలో పెద్దలు కూడినచోటనెల్ల నేడొక ఫిర్యాదు వినవచ్చుచున్నది. పిల్లలు కంప్యూటరు ముందునుండి కదలరనియు, ఆ తెరపై నిరంతరము నరకుట, చంపుటయే గాని వేరు లేదనియు దాని సారాంశము. ఫిర్యాదునకు ముందు వస్తువును చూడవలెను. చాదరు కొనవచ్చిన వ్యాపారి నమూనా విప్పి, పోగు పట్టి చూచి, రంగు నిలుచునా యని విచారించిన పిమ్మటనే ధర పలుకును. ఈ ఆటల తయారీదారులును తరచుగ తమ సరుకునకు ఉచిత నమూనా ఇచ్చుచుందురు. దానిని డెమో అందురు. మనమును ఆ వర్తక న్యాయముననే ఒక ఆట తొలి భాగమును పరీక్షింతము.

నేను చూచిన ఆట పేరు 'అసుర'. 2017లో హైదరాబాదునందలి ఓగర్ హెడ్ స్టూడియోవారు దానిని విడుదల చేసిరి. యుద్ధరంగమును పైనుండి చూచినట్లు తెర కనబడును. నాయకుడు సగము అసురుడు. పగ తీర్చుకొన బయలుదేరినవాడు. మూగివచ్చు శత్రువులను కత్తితో నరకుచు, నిప్పు రగుల్చుచు ముందుకు సాగవలెను. ఆట కఠినమైనది. చేయి తిరుగనివాడు రెండు నిమిషములైనను నిలువజాలడు.

నన్ను ఆలోచింపజేసినది కత్తి కాదు, చావు. నాయకుడు కూలినచో ఆట మరల మొదటికి వచ్చును. వచ్చుటయే గాక, మునుపటి దారి మునుపటివలె ఉండదు. బాట కంఠస్థము చేసి గట్టెక్కుదమన్న వీలు లేదు. ఈ పద్ధతికి మూలమైన 'రోగ్' అను ఆట 1980లో అమెరికాలో, కాలిఫోర్నియా విద్యార్థుల చేతిలో పుట్టినది. అందులో చిత్రములే లేవు. గోడలు, రాక్షసులు, వీరుడు అందరును కీబోర్డు మీది అక్షరములే, గుర్తులే. దాని సంతతిలో కొంత మెత్తనైనవానిని రోగ్‌లైట్ అందురు. వీనిలో చచ్చినవాడు మొదటికి వచ్చినను, ఆర్జించిన బలములో కొంత తరచుగ మిగిలియుండును.

ఇది మనకు బొత్తిగ క్రొత్తయా? మన యిండ్లలో వైకుంఠపాళి ఎరుగనివారు లేరు. పైవరుస చేరబోవునప్పుడు పెద్దపాము మ్రింగి క్రిందికి దింపును. అయినను ఏ బిడ్డయు ఆట విడిచి లేచిపోడు. భేద మొక్కటే. అచ్చట పందెము గవ్వది. ఇచ్చట గెలుపునకు అదృష్టముతోపాటు చేతి నేర్పు వలయును. పోగు తెగినప్పుడెల్ల సాంచ ఆపి, ముడివేసి, మరల నడిపిన వంశముల బిడ్డలకు ఈ పాఠము పరాయిది కాదు.

ఇచ్చట ఒక విషయమును స్పష్టముగ చెప్పవలెను. పెద్దలలో కొందరు ఈ ఆటలను, డబ్బు ఒడ్డి ఆడు రమ్మీ వంటివానిని ఒకే గాట కట్టుచున్నారు. అది న్యాయము కాదు. 2025లో మన పార్లమెంటు చేసిన చట్టము డబ్బు పందెపు ఆన్‌లైను ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్సును వేరుగ గుర్తించినది. చట్టము చూపిన ఆ భేదమును తండ్రులును చూపవలెను. జూదమునకు దండన ఉండవచ్చును. ఆటకు ఉండవలసినది వేళ మాత్రమే.

ఐనను 'అసుర'ను పూర్తిగ మెచ్చుకొనలేను. పగ యొక్కటే కారణముగ గంటసేపు నరకుట మనసునకు విసుగు పుట్టించును. అంతకన్న పెద్ద లోపము, తెలుగు గడ్డపై పుట్టిన ఈ ఆటలో నేను చూచినంతవరకు తెలుగు అక్షరము కనబడకపోవుట. మన పిల్లల స్థితి మీరెరుగుదురు. ఇంట తెలుగు మాటాడుదురు. బడిలో మరాఠీ, ఇంగ్లీషు చదువుదురు. తాతగారి ఉత్తరము చేతికిచ్చిన అక్షరములు గుర్తించలేరు. తెలుగు చదువుటకు వారికి దినములో ఒక్క నిమిషమైన అవసరము కలుగుచున్నదా? అవసరము లేని లిపి నిలువదు. రెండు గంటలు రెప్ప వేయక చూచు తెరపై మన లిపి ఉండిన, పంతులు లేకుండనే చదువు సాగును.

ఇది అసాధ్యము కాదు. మన రాష్ట్రముననే, పూనాలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ వారు 2020లో 'రాజీ' అను ఆటను వెలువరించిరి. తమ్ముని రక్షింపబోవు ఒక బాలిక కథ అది. కథాభాగములను తోలుబొమ్మల నీడలవలె చూపిరి. తోలుబొమ్మలాట తెలుగువారి సొత్తు కూడ గదా! ఇక కథలకు మనకు కరవా? రుద్రమదేవి యున్నది, పల్నాటి వీరులున్నారు. మన పూర్వులలో అనేకులు ఓరుగల్లు, కరీంనగరు ప్రాంతములనుండి వచ్చినవారే. ఆ ఓరుగల్లు రాతికోట, దానిచుట్టు మట్టికోట, అగడ్తలు ఇట్టి ఆటకై కట్టినట్లే యుండును.

పని మనకు చేతకాదని ఎవరును అనరాదు. 1804 ప్రాంతమున ఫ్రాన్సు దేశమున జకార్డు తన మగ్గమునకు చిల్లుల అట్టలు అమర్చెను. చిల్లి యున్నచో పోగు లేచును, లేనిచో లేవదు. ఆ సూత్రమునే తరువాత బాబేజి తన గణనయంత్రపు రూపకల్పనలో స్వీకరించెను. ఆ జకార్డుపై చాదరు నేసిన పేట మనది. కంప్యూటరుపై చాదరు డిజైను గీయు యువకులు మనలో నున్నారు. ఆట తయారుచేయుటకు గోడాట్ వంటి సాధనములు ఉచితముగ దొరకుచున్నవి.

కావున నా సూచన యిది. రాబోవు వేసవి సెలవులలో మన సంఘము కంప్యూటరు తెలిసిన యువకులను, తెలుగు చదువవచ్చిన వృద్ధులను ఒకచోట కూర్చుండబెట్టవలెను. మూడు గదుల చిన్న ఆట చాలును. అది ఓరుగల్లు కోట కావలెను, ప్రతి ఆజ్ఞయు, ప్రతి మాటయు తెలుగు లిపిలో నుండవలెను. విద్యుచ్ఛక్తికి, స్థలమునకు అగు ఖర్చులో నా వంతు నేనిచ్చెదను. తొలి నమూనా చెడినచో మరల మొదటినుండి చేయుదము. పిల్లలు ఆ ఆటలో నేర్చుచున్నది అదియే, పెద్దలమును నేర్చుకొందము.